మెతుకు పట్టి చూస్తే దొరకని రాయి: తక్కువ మెమొరీతో నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను లెక్కించే పద్ధతులు

క్లుప్తంగా

పెద్ద నెట్‌వర్క్‌లో పారే ప్రతి ప్యాకెట్ (డేటా ముక్క) వివరాన్నీ రాసిపెట్టుకోవడం కుదరదు. డిస్కులో చోటు సమస్య తర్వాత వస్తుంది. ముందు అడ్డొచ్చేది ఒక్కో ప్యాకెట్‌కు దక్కే సమయం, ఆ సమయంలో అందుకోగలిగిన మెమొరీ. అందుకే ఈ రంగంలో పరిశోధన చాలావరకు దేన్ని మరిచిపోయినా ఫర్వాలేదన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. శాంప్లింగ్ (కొన్ని ప్యాకెట్లనే తీసి చూడటం), స్కెచ్ (పేర్లు రాయకుండా ఉజ్జాయింపు లెక్క ఉంచే చిన్న పట్టిక), ప్రోగ్రామబుల్ స్విచ్ (చేసే పనిని మార్చుకోగల స్విచ్)... ఒక్కోటి ఒక్కో రకం ప్రశ్నకు చక్కగా జవాబిస్తుంది, మిగతావాటికి తడబడుతుంది. ఏ ప్రశ్న అడగాలో ట్రాఫిక్ దాటిపోక ముందే తేల్చుకోవాలి.

అయిదు నిమిషాల సగటులో కరిగిపోయే దాడి

ట్రాఫిక్‌తో ముంచెత్తుతూ సెకనుకు 7.3 టెరాబిట్ల స్థాయికి చేరిన దాడిని 2025 మేలో అడ్డుకున్నట్టు ఇంటర్నెట్ భద్రతా సేవల కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్ ప్రకటించింది. 45 సెకన్లలో 37.4 టెరాబైట్లు ఒకే ఐపీ అడ్రసు మీద వచ్చిపడ్డాయి. అయిదు నిమిషాలకోసారి కౌంటర్ చదివే పాత పద్ధతిలో ఇదే దాడి ఎలా కనిపించేదో లెక్క వేసి చూడొచ్చు. 37.4 టెరాబైట్లను 300 సెకన్లకు పరిస్తే సెకనుకు సుమారు 1 టెరాబిట్ వస్తుంది. అసలు తీవ్రతలో ఏడో వంతు! అదీ దాడి మొదలై ముగిసిపోయాక తెలిసే అంకె.

ఆ పాత పద్ధతి పేరు ఎస్‌ఎన్‌ఎంపీ. 1988 నుంచి వాడుకలో ఉంది. స్విచ్‌లో ప్రతి పోర్టుకూ ఎన్ని బైట్లు వచ్చాయో, ఎన్ని పోయాయో చెప్పే కౌంటర్లుంటాయి. కేంద్రంలోని కంప్యూటరు వాటిని మధ్యమధ్యలో అడిగి గ్రాఫు గీస్తుంది. మొదట్లో ఈ కౌంటర్ల వెడల్పు 32 బిట్లు. 10 మెగాబిట్ల లింకు నిండుగా పారుతుంటే అది తిరిగి సున్నాకు రావడానికి 57 నిమిషాలు పట్టేది. 1 గిగాబిట్ లింకు మీద 34 సెకన్లు చాలు. అంటే అయిదు నిమిషాల తర్వాత చదివితే మీటరు ఎన్ని చుట్లు తిరిగిందో కూడా తెలియదు. 64 బిట్ల కౌంటర్లతో ఆ చిక్కు తీరింది. సగటు చిక్కు మాత్రం తీరలేదు. ఫేస్‌బుక్ డేటాసెంటర్లలో తీసిన, 2017లో ప్రచురితమైన కొలతల ప్రకారం స్విచ్ పోర్టుల మీద వచ్చే ఆకస్మిక ఉప్పెనలు చాలావరకు పదుల మైక్రోసెకన్లలోనే ముగిసిపోయాయి. అలాంటి క్షణాల్లో ప్యాకెట్లు రాలిపోతున్నా, అయిదు నిమిషాల గ్రాఫులో లింకు సగం ఖాళీగానే కనిపించవచ్చు.

పైగా ఈ కౌంటరు ఎంత పోయిందో చెబుతుంది గానీ ఎవరిది పోయిందో చెప్పదు. అసలు కష్టమంతా ఆ 'ఎవరిది' దగ్గరే మొదలవుతుంది.

ఒక్కో ప్యాకెట్‌కు 6.72 నానోసెకన్లు

ఈథర్‌నెట్‌లో అతి చిన్న ఫ్రేము 64 బైట్లు. దాని ముందు వచ్చే 8 బైట్ల గుర్తు, తర్వాత వదలాల్సిన 12 బైట్ల ఎడం కలిపితే 84 బైట్లు, అంటే 672 బిట్లు. 100 గిగాబిట్ల లింకు మీద ఇలాంటివి సెకనుకు 14.88 కోట్లు రావచ్చు. ఒక్కోదానికి దక్కే సమయం 6.72 నానోసెకన్లు. మామూలు కంప్యూటర్లలో ఉండే డీర్యామ్‌లో ఎక్కడో ఉన్న అంకెను ఒకసారి తెచ్చుకోవడానికే అనేక పదుల నానోసెకన్లు పడుతుంది.

సంక్రాంతికి ముందురోజు విజయవాడ రహదారి మీద పంతంగి టోల్‌ప్లాజాను ఊహించుకోండి. ఒక్క బండి కూడా ఆగదనుకుందాం. పక్క గదిలోకి వెళ్లి రిజిస్టరు తెరిచి, ఆ నంబరున్న పేజీ వెతికి, ఒక గీత గీసి వచ్చేసరికి మరో ఏడెనిమిది బళ్లు దాటిపోతాయి. చేతిలో చిన్న చీటీ ఉంటే పని జరుగుతుంది. ఆ చీటీయే ఎస్‌ర్యామ్. అది చిప్‌లోనే ఉంటుంది, నానోసెకను స్థాయిలో అందుతుంది. కానీ ఖరీదు ఎక్కువ, చోటు తక్కువ. ఒక స్విచ్ చిప్‌లో ఉండేది పదుల మెగాబైట్ల స్థాయిలోనే. అందులో సింహభాగం ప్యాకెట్‌ను ఏ దారిన పంపాలో చెప్పే పట్టికలకే పోతుంది. లెక్కలకు మిగిలింది అడుగూబొడుగూ.

ఇప్పుడు అవసరం చూద్దాం. పంపినవారి అడ్రసు, అందుకునేవారి అడ్రసు, రెండు పోర్టు నంబర్లు, ప్రొటోకాల్ — ఈ అయిదూ ఒకటైన ప్యాకెట్ల వరుసను 'ఫ్లో' అంటారు. ఐపీవీ4లో ఈ గుర్తింపుకే 13 బైట్లు కావాలి. పక్కన 4 బైట్ల కౌంటర్ పెడితే ఫ్లోకు 17 బైట్లు. 10 లక్షల ఫ్లోలకు 17 మెగాబైట్లు. పట్టికలో వదలాల్సిన ఖాళీ గళ్లు దీనికి అదనం. కాబట్టి ఒక్కో ఫ్లోకు ఒక్కో గడి అన్న నేరుదారి మూసుకుపోయినట్టే.

ఒక్క మెతుకు చాలునా?

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి గిన్నెడూ పట్టి చూడనక్కర్లేదు, ఒక్క మెతుకు చాలు. శాంప్లింగ్ సూత్రం ఇదే. సిస్కో 1996లో తెచ్చిన నెట్‌ఫ్లో మొదట ప్రతి ప్యాకెట్‌నూ పద్దులో రాసేది. లింకుల వేగం పెరిగాక వెయ్యికొకటి, ఇంకా పెద్ద లింకుల మీద అంతకన్నా అరుదుగా తీసుకుని చూడటం అలవాటైంది. 2001లో ప్రమాణంగా వెలువడిన ఎస్‌ఫ్లో మొదటి నుంచీ శాంప్లింగ్ మీదే నడిచింది. ఈ రెండూ, నెట్‌ఫ్లో నుంచి పుట్టిన ఐపీఫిక్సూ నేటికీ ఇంటర్నెట్ సర్వీసు కంపెనీల్లో పనిచేస్తున్నాయి. పరిశోధన పత్రాల్లో వీటిని చిన్నచూపు చూడటం మామూలే గానీ, ఏ లింకు మీద ఏ కంపెనీ ట్రాఫిక్ ఎంత అన్న ప్రశ్నకు ఇవి ఇచ్చే జవాబు చాలా నికరమైనది. ఒక తరగతికి చెందిన శాంపిళ్లు 10,000 దొరికితే, 95 శాతం నమ్మకంతో, పొరపాటు 2 శాతానికి మించదు.

శాంపిళ్లు 100 మాత్రమే దొరికితే అదే పొరపాటు 19.6 శాతం. పొరపాటు సగం కావాలంటే శాంపిళ్లు నాలుగింతలు కావాలి. మొత్తం 10 ప్యాకెట్లే ఉన్న చిన్న ఫ్లోను వెయ్యికొకటి శాంప్లింగ్‌లో చూస్తే, అది అసలు కంటపడే అవకాశం నూటికి ఒకటి. మెతుకు పట్టి చూస్తే ఉడుకు తెలుస్తుంది, బియ్యంలో రాయి ఉందో లేదో తెలియదు. అన్నమంతా ఒకేలా ఉడుకుతుంది కాబట్టి ఆ పరీక్ష నిలుస్తుంది. ట్రాఫిక్ అలా ఉండదు.

ఏనుగులూ ఎలుకలూ

ట్రాఫిక్ ఒకేలా లేకపోవడంలోనే మేలు కూడా ఉంది. స్వతంత్ర నెట్‌వర్క్‌ల మధ్య నడిచే ఫ్లోలను 1990ల చివర కొలిచినప్పుడు, వాటిలో 9 శాతమే 90 శాతం బైట్లను మోస్తున్నట్టు తేలింది. ఈ రంగంలో పెద్ద ఫ్లోలను ఏనుగులని, చిన్నవాటిని ఎలుకలని పిలవడం రివాజు. బిల్లు వేయడానికి, దారి మళ్లించడానికి, దాడి కనిపెట్టడానికి చాలాసార్లు ఏనుగులు తెలిస్తే సరిపోతుంది.

క్రిస్టియన్ ఎస్టాన్, జార్జ్ వర్గీస్ 2002లో ఈ అసమానత మీదే తమ పద్ధతులను నిలబెట్టారు. ఒకటి 'పట్టి ఉంచడం': ఒక ఫ్లో నుంచి ఏ ప్యాకెట్ శాంప్లింగ్‌లో దొరికినా, ఇక అప్పటి నుంచి ఆ ఫ్లోలో ప్రతి ప్యాకెట్‌నూ లెక్కిస్తారు. ఏనుగు త్వరగా దొరికిపోతుంది, దొరికాక దాని లెక్క దాదాపు కచ్చితం. ఎలుకల్లో చాలావరకు దొరకవు, చోటూ తినవు. రెండోది వడపోత వరసలు: ఫ్లోను అనేక పట్టికల్లో ఒక్కో గడికి పంపి, అన్ని గళ్లూ హద్దు దాటితేనే దానికి ప్రత్యేకమైన పద్దు తెరుస్తారు. ఈ రెండు పద్ధతుల్లోనూ మెమొరీ రెట్టింపైతే పొరపాటు సగమవుతుందని వారు గణితంతో చూపారు. మామూలు శాంప్లింగ్‌లో పొరపాటు సగం కావాలంటే మెమొరీ నాలుగింతలు కావాలి. ఎస్‌ర్యామ్ ఎంత ఖరీదో తెలిసినవారికి ఈ తేడా చిన్నది కాదు.

దీనికి ఇరవై ఏళ్ల ముందే జయదేవ్ మిశ్రా, డేవిడ్ గ్రీస్ ఇంకో దారి చూపారు. వారి మనసులో నెట్‌వర్క్ లేదు, ఒక జాబితాలో పదేపదే వచ్చే అంశాలను కనిపెట్టడమే ప్రశ్న. 9 గళ్లున్నాయనుకుందాం. వచ్చిన పేరు గడిలో ఉంటే దాని అంకె ఒకటి పెంచాలి. లేకపోతే ఖాళీ గడిలో రాయాలి. ఖాళీ కూడా లేకపోతే అన్ని గళ్లలోనూ ఒక్కోటి తగ్గించాలి, సున్నాకు దిగిన పేరు తుడిచేయాలి. అంతే. ఎన్ని కోట్ల పేర్లు వచ్చినా, మొత్తంలో పదో వంతు దాటిన ఏ పేరూ చివరికి ఈ 9 గళ్లలోంచి తప్పిపోదు. 1982 నాటి ఈ ఉపాయాన్ని 2002–03 ప్రాంతంలో రెండు బృందాలు విడివిడిగా మళ్లీ కనుగొన్నాయి. నెట్‌వర్క్‌ల వాళ్లకు అది అవసరపడే కాలానికి పాత పత్రం మరుగున పడిపోయిందన్నమాట.

పేర్లు రాయని పద్దు

స్కెచ్‌లది వేరే దారి. గ్రాహమ్ కార్మోడ్, ఎస్. ముత్తుకృష్ణన్ రూపొందించిన కౌంట్-మిన్ స్కెచ్ పూర్తి పత్రం 2005లో వచ్చింది. అడ్డంగా అయిదు వరసలు, ఒక్కో వరసలో 2,719 గళ్లు ఉన్న పట్టికను తీసుకుందాం. ప్యాకెట్ రాగానే దాని ఫ్లో గుర్తింపును అయిదు వేర్వేరు హ్యాష్ సూత్రాల్లో (ఏ పేరునైనా చూడ్డానికి ఇష్టమొచ్చినట్టుండే ఒక అంకెగా మార్చే లెక్కల్లో) వేస్తే, ఒక్కో వరసలో ఒక్కో గడి నంబరు వస్తుంది. ఆ అయిదు గళ్లలోనూ ఒకటి కలపాలి. పేరు ఎక్కడా రాయరు.

ఒకే గడిలోకి అనేక ఫ్లోలు వచ్చి పడతాయి కాబట్టి ఏ గడిలోని అంకైనా అసలు కన్నా ఎక్కువే ఉండొచ్చు, తక్కువ మాత్రం ఉండదు. ఫలానా ఫ్లో ఎంత అని అడిగితే దాని అయిదు గళ్లూ చూసి, అన్నిటికన్నా చిన్న అంకెను చెబుతారు. అయిదు చోట్లా ఏనుగు పక్కన పడే దురదృష్టం అరుదు కదా. గణితం ఇచ్చే హామీ ఇది: ఏ ఫ్లో గురించి అడిగినా, జవాబులోని అదనం మొత్తం ట్రాఫిక్‌లో 0.1 శాతం దాటకపోవడానికి 99 శాతానికి పైగా అవకాశం ఉంది. పట్టిక మొత్తానికి పట్టే చోటు 13,595 గళ్లు, గడికి 4 బైట్ల చొప్పున సుమారు 54 కిలోబైట్లు. ఫ్లోలు లక్షైనా, కోటైనా ఆ చోటు మారదు. పైన వేసిన 17 మెగాబైట్ల లెక్క పక్కన పెడితే ఈ పొదుపు తేలిగ్గా అర్థమవుతుంది.

హామీలో ఉన్న మెలిక మాత్రం జాగ్రత్తగా చదవాలి. 0.1 శాతం అన్నది మొత్తం మీద. ఆ ఫ్లో పరిమాణం మీద కాదు. 10 కోట్ల ప్యాకెట్లు దాటాక ఆ అదనం లక్ష ప్యాకెట్ల దాకా ఉండొచ్చు. 50 లక్షల ప్యాకెట్ల ఏనుగుకు అది 2 శాతం పొరపాటు. 50 ప్యాకెట్ల ఎలుక విషయంలో ఆ జవాబుకు అర్థమే లేదు. ఇంకో లోటు, పేర్లు లేవు కాబట్టి పెద్ద ఫ్లోలేవో చెప్పమంటే స్కెచ్ ఒంటరిగా చెప్పలేదు, పేరు పట్టుకొచ్చి అడగాలి. అందుకే ఆచరణలో దీని పక్కన చిన్న జాబితా ఒకటి నడుపుతారు.

ఒక్కో ప్రశ్నకు ఒక్కో స్కెచ్ పెట్టుకుంటూ పోతే పొదుపంతా ఆవిరైపోతుంది. ఒకే స్కెచ్‌తో అనేక ప్రశ్నలకు జవాబులు రాబట్టేందుకు 2016లో యూనివ్‌మాన్ వచ్చింది. సాఫ్ట్‌వేర్ స్విచ్‌లలో అసలు భారం మెమొరీ కన్నా హ్యాష్ లెక్కలదేనని గుర్తించి, ప్రతి ప్యాకెట్‌కూ అన్ని గళ్లనూ ముట్టుకోకుండా అప్పుడప్పుడే ముట్టుకునే నైట్రోస్కెచ్ 2019లో వచ్చింది. శాంప్లింగ్‌కు ప్రత్యామ్నాయంగా మొదలైన స్కెచ్ తిరిగి శాంప్లింగ్ చేయినే పట్టుకుంది.

ఎన్నని కాదు, ఎంతమందితోనని

2003 జనవరి 25న స్లామర్ అనే పురుగు (తనంతట తానే పాకే హానికర ప్రోగ్రాము) ఇంటర్నెట్‌లో వ్యాపించింది. దాని కోడు 376 బైట్లు, ఒక్క యూడీపీ ప్యాకెట్‌లో ఇమిడిపోయేది. తొలి దశలో 8.5 సెకన్లకోసారి రెట్టింపవుతూ, దాడికి లొంగే కంప్యూటర్లలో 90 శాతాన్ని 10 నిమిషాల్లో పట్టేసింది. పట్టుబడిన యంత్రం ఒక్కో అడ్రసుకూ పంపింది ఒకే చిన్న ప్యాకెట్. అంటే ఫ్లోల లెక్కలో అన్నీ ఎలుకలే. ఏనుగుల కోసం కట్టిన వల ఇక్కడ ఖాళీగా మిగులుతుంది. అడగాల్సిన ప్రశ్న వేరు: ఈ యంత్రం ఎన్ని వేర్వేరు అడ్రసులతో మాట్లాడింది?

ఒక అడ్రసును ముందే చూశామో లేదో చెప్పాలంటే చూసినవన్నీ గుర్తుండాలి అనిపిస్తుంది. ఫిలిప్ ఫ్లజోలే, నైజెల్ మార్టిన్ 1980లలో దీనికి చక్కటి మార్గం చూపారు. బొమ్మా బొరుసూ వేస్తూ వరసగా పది బొమ్మలు పడ్డాయని ఎవరైనా చెబితే, ఆ మనిషి సుమారు వెయ్యిసార్లయినా ప్రయత్నించి ఉంటాడని ఊహించవచ్చు. అలాగే ప్రతి అడ్రసునూ హ్యాష్ చేసి, వచ్చిన 0, 1 అంకెల మొదట్లో వరసగా వచ్చిన సున్నాల్లో అత్యధిక సంఖ్య ఒక్కటే గుర్తుపెట్టుకోవాలి. అదే అడ్రసు వెయ్యిసార్లు వచ్చినా హ్యాష్ ఒకటే కాబట్టి లెక్క పెరగదు. ఒక్కరి అదృష్టం మీద ఆధారపడకుండా 2,048 చిన్న గళ్లకు పంచి సగటు తీసేదే 2007 నాటి హైపర్‌లాగ్‌లాగ్. ఒకటిన్నర కిలోబైట్లలో, వంద కోట్లు దాటిన సంఖ్యలను కూడా 2 శాతం చుట్టూ పొరపాటుతో చెబుతుంది.

స్విచ్ లోపలికి

చాలాకాలం ఈ పద్ధతులు పత్రాల్లోనే ఎక్కువగా ఉండిపోయాయి. స్విచ్ చిప్ చేసే పని తయారీలోనే ఖరారైపోయేది, కొత్త లెక్క చేర్చే వీలుండేది కాదు. 2014లో స్విచ్ చేసే పనిని రాసుకునే పీ4 భాష, 2016లో బేర్‌ఫుట్ కంపెనీ ప్రకటించిన 6.5 టెరాబిట్ల టోఫినో చిప్ ఆ తలుపు తెరిచాయి. అయితే లోపల నియమాలు కఠినం. ప్యాకెట్ కొన్ని దశలు దాటుకుంటూ ముందుకే పోతుంది, వెనక్కి రాలేదు. ఒక్కో దశలో ఒక్కో పట్టికను ఒక్కసారే తాకగలదు. 'అన్ని గళ్లలోనూ ఒకటి తగ్గించు', 'గళ్లన్నీ వెతికి చిన్నదాన్ని తీసేయ్' లాంటి ఆదేశాలు కాగితం మీద ఒక్క వాక్యమే. ఇక్కడ అసాధ్యం.

2017లో ప్రిన్స్‌టన్ తదితర చోట్ల పరిశోధకులు రూపొందించిన హ్యాష్‌పైప్ ఈ ఇరుకులో దారి వెతికింది. కొత్త ఫ్లో మొదటి దశలో తన గడిని ఆక్రమిస్తుంది. అక్కడున్నది బయటపడి తర్వాతి దశకు నడుస్తుంది. అక్కడి గడిలో తనకన్నా చిన్నది ఉంటే దాన్ని గెంటి కూర్చుంటుంది, లేకపోతే తానే ముందుకు సాగుతుంది. చివరి దశలో మిగిలినది జారిపోతుంది. గళ్లన్నీ వెతకకుండా, నాలుగైదు గళ్లలో చిన్నదాన్ని బయటికి పంపడం ఇది. 4 లక్షలకు పైగా ఫ్లోలున్న ట్రాఫిక్‌లో 300 అతి పెద్ద ఫ్లోలలో 95 శాతాన్ని 80 కిలోబైట్ల లోపు మెమొరీతో పట్టుకుంది.

వ్యాపారం మాత్రం పరిశోధన లెక్కలతో నడవదు. బేర్‌ఫుట్‌ను 2019లో కొన్న ఇంటెల్, తర్వాతి తరం టోఫినో తయారీని నిలిపేస్తున్నట్టు 2023 జనవరిలో ప్రకటించింది. ఎన్నో పత్రాలకు ప్రయోగశాలగా నిలిచిన చిప్ అది. ఇప్పుడు ఆ పనిలో కొంత స్మార్ట్ నెట్‌వర్క్ కార్డుల మీదికి, లినక్స్ కెర్నెల్‌లో నడిచే ఈబీపీఎఫ్ ప్రోగ్రాముల మీదికి మళ్లుతోంది.

అన్నీ స్విచ్‌కే మొయ్యనక్కర్లేదనే ఆలోచనా ఉంది. డేటాసెంటర్‌లో మెమొరీ దండిగా ఉన్నది సర్వర్లలోనే. తర్వాత ఐఐటీ హైదరాబాద్‌లో అధ్యాపకుడైన ప్రవీణ్ తమ్మన, సహ పరిశోధకులతో కలిసి 2016లో ప్రచురించిన పాత్‌డంప్‌లో ప్యాకెట్ తాను వచ్చిన దారి గుర్తును వెంట మోసుకెళితే సర్వర్ దాన్ని దాచుకుంటుంది. 2018 నాటి స్విచ్‌పాయింటర్‌లో స్విచ్ గుర్తుపెట్టుకునేది ఒక్కటే: ఫలానా సమయంలో ఏయే సర్వర్లకు ప్యాకెట్లు పంపానన్నది. గొడవ జరిగినప్పుడు ఎవరిని అడగాలో స్విచ్ చెబుతుంది, ఏం జరిగిందో ఆ సర్వర్లు చెబుతాయి. సర్వర్లన్నీ ఒకే యాజమాన్యం కింద ఉండే డేటాసెంటర్లకు ఇది బాగా నప్పుతుంది. బయటి ఇంటర్నెట్‌లో సర్వీసు కంపెనీకి ఆ వెసులుబాటు లేదు.

హ్యాష్ తెలిసిన శత్రువు, పేర్లు కావాలనే నిబంధన

పైన చెప్పినవాటిలో హ్యాష్ మీద నడిచే హామీలన్నిటి వెనకా ఒక షరతు ఉంది: ట్రాఫిక్ పంపేవారికి హ్యాష్ సూత్రం తెలియకూడదు. తెలిస్తే ఎంచుకున్న అడ్రసులతో అమాయకుడి గళ్లన్నీ నింపి అతడి ఫ్లోను ఏనుగులా చూపించవచ్చు. హ్యాష్ పట్టికలను ఇలా దెబ్బతీయవచ్చని 2003లోనే క్రాస్బీ, వాలక్ చూపారు. రహస్య బీజంతో (బయటివారికి తెలియని అంకెతో) హ్యాష్‌ను మార్చుతూ ఉండటం సాధారణ విరుగుడు, అయితే చిప్‌లలో దొరికే హ్యాష్ సూత్రాలు చాలావరకు వేగం కోసం ఎంచుకున్న తేలికపాటివి.

భారత్‌లో దీనికి ఇంకో కోణం ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం సర్వీసు కంపెనీలు, డేటాసెంటర్లు తమ వ్యవస్థల లాగ్‌లను (జరిగినవాటి నమోదులను) 180 రోజుల పాటు దేశంలోనే భద్రపరచాలి, సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి. ఆరు గంటల గడువుకు వేగంగా కనిపెట్టే పద్ధతులు కావాలి, అక్కడ స్కెచ్ పనికొస్తుంది. నూట ఎనభై రోజుల లాగ్‌కు అది అక్కరకు రాదు. గత నెల ఫలానా రాత్రి ఫలానా అడ్రసుతో మాట్లాడిందెవరని దర్యాప్తు అధికారి అడిగితే, ఆ 54 కిలోబైట్ల పట్టికలో ఉన్నవి అంకెలే.